స్టెంటులోని మందు అయిపోతే మాత్రలు ఆపవచ్చా?

గుండె రక్తనాళం మళ్లీ మూసుకుపోకుండా తెరిచి ఉంచే సన్నని లోహపు వల గొట్టమే స్టెంటు. మందు పూసిన స్టెంటుల గురించి ఒకే సందేశాన్ని ఈ మధ్య చాలామంది మిత్రులు నాకు పంపారు. ఆ స్టెంటు జీవితాంతం రక్తంలోకి విషం వదులుతుందట. ఎమ్మారై తీస్తే అయస్కాంతం దాన్ని లాగేస్తుందట. మందు మూడు నెలల్లో అయిపోతుంది కనుక ఆ తరువాత రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు అక్కరలేదట. అసలు స్టెంటు ఎవరి ఆయుష్షునూ పెంచదట.

మూడు నెలల్లో అయిపోయే మందు జీవితాంతం ఎలా కారుతుంది? 2003లో అమెరికాలో అనుమతి పొందిన సైఫర్ అనే స్టెంటు మీద పూసిన సిరోలిమస్ అనే మందు మిల్లీగ్రాములో చిన్న భాగమే. మూత్రపిండ మార్పిడి జరిగినవారు అదే మందును మిల్లీగ్రాముల లెక్కన రోజూ మింగుతారు. ఇక ఎమ్మారై సంగతి: నేటి కోబాల్టు-క్రోమియం స్టెంటులతో, తయారీదారు చెప్పిన షరతులు పాటిస్తే, 3 టెస్లా (అయస్కాంత శక్తికి కొలత) యంత్రంలోనూ స్కాను తీయవచ్చు.

నన్ను భయపెట్టింది మూడో మాట. అందులో సగం నిజముంది, ప్రాణాపాయం మిగతా సగంలో ఉంది. బెలూనుతో నాళాన్ని వెడల్పు చేసినప్పుడు దాని గోడకు గాయమవుతుంది. ఆ గాయం మానే క్రమంలో కండర కణాలు మితిమీరి పెరిగి దారిని మళ్లీ మూసేస్తాయి. మందు ఆపేది ఆ పెరుగుదలనే. అయితే స్టెంటు తీగలను కప్పవలసిన నాళపు లోపలి పొర ఎదగడాన్ని కూడా అదే మందు ఆలస్యం చేస్తుంది. ఆ పొర కప్పేదాకా రక్తం పరాయి వస్తువును తాకుతూనే ఉంటుంది, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు అక్కడ అంటుకుని గడ్డకడతాయి. ఆ గడ్డ నాళాన్ని ఒక్కసారిగా మూసేస్తే వచ్చేది గుండెపోటు, చాలాసార్లు మరణం. మందు అయిపోయిన రోజే పొర పూర్తయిందని చెప్పినవారెవరు? తొలితరం స్టెంటులలో ఏడాది దాటాక కూడా గడ్డలు ఏర్పడుతున్నాయన్న ఆందోళన 2006లో బార్సిలోనా హృద్రోగ మహాసభను కుదిపేసింది. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మరో మాత్రను సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారికి ఏడాది వాడమనేది ఇందుకే. రక్తస్రావ ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఈ గడువును వైద్యులే తగ్గిస్తారు. కానీ అది రోగిని పరీక్షించి తీసుకునే నిర్ణయం. రోగి ముఖం చూడని సందేశానికి ఆ అధికారం లేదు. దీన్ని నమ్మి ఒక్కరు మాత్రలు మానేసినా, ముందుకు పంపినవారందరికీ అందులో బాధ్యత ఉంటుంది.

నాలుగో మాటను మాత్రం నేను పూర్తిగా కొట్టిపారేయలేను. గుండెపోటు వస్తున్నవేళ మూసుకున్న నాళాన్ని తెరిచి స్టెంటు వేయడం ప్రాణం నిలుపుతుంది. కానీ శ్రమపడినప్పుడు మాత్రమే నొప్పి వచ్చే, నిలకడగా ఉన్న రోగులలో చాలామందికి మందులతో చేసే చికిత్స కంటే స్టెంటు ఆయుష్షును పెంచలేదని 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనం, 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం చూపాయి. స్టెంటు అవసరమా అని అడగడం రోగి హక్కు. అయితే అది వేయించుకునే ముందు అడగవలసిన ప్రశ్న. నాళంలో ఇప్పటికే స్టెంటు ఉన్న మనిషికి దాని జవాబు ఏదైనా, రేపు ఉదయం మాత్ర వేసుకోవాలన్న సంగతి మారదు.