కొత్త మార్కర్లు సరే, పాత పరీక్ష చేశారా?

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, ప్రసవంతో పోయిన తల్లికి తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇది తెలిసిన మాటే. ఇప్పుడు ఊపందుకున్నది ఇన్‌ఫ్లమేషన్ మార్కర్ల ముచ్చట, అంటే ఒంట్లో లోలోపలి వాపును రక్తంలో పట్టిచ్చే గుర్తులు. వాపుతో పెరిగే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్లు ఎక్కువగా, కొవ్వు కణాలు వదిలే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తక్కువగా ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టేనట. నాకు ఈ ఉత్సాహం ఎక్కడం లేదు.

శాస్త్రం అబద్ధమని కాదు. కొవ్వు కణజాలంలో తయారయ్యే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు ప్రొటీన్ ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుందని 1993లోనే ఎలుకల్లో చూశారు. సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువున్న మహిళలకే తర్వాత షుగర్ ఎక్కువగా వచ్చిందని 2001లో తేలింది. పైగా సీఆర్‌పీకి పరగడుపున రానక్కర్లేదు, ఒక్క చుక్కలో పని అయిపోతుందంటారు. నిజమే.

కానీ సీఆర్‌పీ చెప్పేదేమిటి? ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ మొదలైనా కాలేయం వదిలే ప్రొటీన్ అది. జ్వరమొచ్చినా పెరుగుతుంది, చిగుళ్లు వాచినా పెరుగుతుంది, సిజేరియన్ కోత మానుతున్నప్పుడూ పెరుగుతుంది. ఇక బరువు సంగతి సరేసరి. బాలింత రక్తంలో అది ఎక్కువుందంటే పొగ కనిపించినట్టే, ఏ పొయ్యిదో మాత్రం తెలీదు. అసలు పొగను తగ్గిస్తే మంట ఆరుతుందా? కాంటోస్ అనే ట్రయల్‌లో గుండెపోటు వచ్చిన పదివేల మందిపై ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కనకినుమాబ్ అనే మందును పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్లలో సీఆర్‌పీ బాగా దిగింది. కొత్తగా షుగర్ రావడం మాత్రం ఆగలేదని 2018లో లెక్క తేల్చారు.

మరి చేతిలో ఉన్న పరీక్ష మాటేమిటి? ప్రసవమైన 4 నుంచి 12 వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూడాలి. నార్మల్ వచ్చినా ఒకటి నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చూస్తుండాలి. చాలామంది తల్లులు ఆ మొదటి పరీక్షకే రారు. నిర్లక్ష్యమని తిట్టేవాళ్లు ఒకసారి పాలకేడ్చే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఖాళీ కడుపుతో రెండు గంటలు కూర్చుని చూడాలి.

నా అసలు కోపం ఇక్కడే. కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్లూ తల్లికి వారాల లెక్కన పిలుపులు, స్కాన్లు, హెచ్చరికలు. బిడ్డ బయటికి రాగానే ఆమె ఫైలు మూతపడుతుంది. బిడ్డకు టీకాల కార్డు ఇస్తారు, తల్లికి అలాంటిదేమీ ఉండదు. వైద్యం ఆమెను ఇన్నాళ్లూ తల్లిగా చూసిందా, బిడ్డను మోసే సంచిగా చూసిందా? అమెరికాలోని డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, గర్భంలో షుగర్ వచ్చి తర్వాత ప్రీడయాబెటిస్‌కు, అంటే షుగర్‌కు ముందు మెట్టుకు, చేరిన మహిళలకు తిండి, వ్యాయామం మార్పులతోనో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతోనో ముప్పు దాదాపు సగానికి తగ్గింది. ఆ సాయం అందాలంటే ముందు ఆమెకు పరీక్ష చేయాలి కదా.

బిడ్డకు ఆరో వారం టీకాకి తల్లి ఎలాగూ వస్తుంది. పరగడుపున రమ్మని ముందే చెప్పి, టీకా పడేలోపు ఆమె చేతికి గ్లూకోజ్ గ్లాసు ఇవ్వడానికి ఏ కొత్త మార్కర్ కోసం ఎదురుచూస్తున్నట్టు?