మూలపేటకు క్రేన్లు వస్తాయి సరే, వాటిని చూసుకునేదెవరు?

సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి శ్రీకాకుళం జిల్లాలో నలుగురు కూడిన చోటల్లా లెక్కలే. మొదటి దశలో 4 బెర్తులు, వాటి మీద ఎన్ని ఓడలు, ఎన్ని ఉద్యోగాలు, అందులో మనవాళ్ళకు ఎన్ని? అడగాల్సిన ప్రశ్నలే ఇవి. ఊళ్ళు, పొలాలు ఇచ్చినవాళ్ళకు అడిగే హక్కు ఉంది. అయితే ఈ లెక్కల్లో ఎక్కడా వినపడని మాట ఒకటుంది: మెయింటెనెన్స్. పోర్టులో, ఓడ మీద, రేపు బుడగట్లపాలెం లాంటి ఫిషింగ్ హార్బర్లలో బరువులెత్తే యంత్రాలను రోజూ చూసుకునేదెవరు? ఆ పని ఎవరికి నేర్పుతున్నాం?

ఈ ప్రశ్న మన జిల్లాలకు కొత్తది కాదు, కొత్తదిగా కనిపిస్తుందంతే. ఉద్దానం పల్లెల నుంచి ఓడల్లో సీమెన్‌గా వెళ్ళినవాళ్ళు, ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, బరువులకు తాళ్ళు కట్టి ఎత్తించే రిగ్గర్లుగా విశాఖ, పరదీప్, ముంద్రా, గల్ఫ్ దాకా వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. క్రేన్ హుక్కు కింద నిలబడే పని మన కుర్రాళ్ళకు బాగా తెలుసు. ఆ హుక్కును పైన పట్టి ఉంచేది ఏమిటో, అది ఎప్పుడు వదిలేస్తుందో చెప్పేవాళ్ళే వాళ్ళకు ఎదురుపడలేదు. హైడ్రాలిక్ మెరైన్ క్రేన్ల, అంటే ఆయిల్ ఒత్తిడితో నడిచే ఓడ క్రేన్ల విషయంలో ఈ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఓడ డెక్ మీది క్రేన్ అంటే చాలామందికి బూమ్ అనే పొడవాటి ఇనుప చెయ్యి, వైర్ రోప్, హుక్కు గుర్తొస్తాయి. అసలు పని చేసేది ఆయిల్. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో తోస్తుంది, ఆ ఒత్తిడి సిలిండర్‌లోకి వెళ్ళి బూమ్‌ను లేపుతుంది, మోటార్‌లోకి వెళ్ళి రోప్ చుట్టుకునే వించ్‌ను తిప్పుతుంది. పైపుల్లో 250 బార్ దాకా ఒత్తిడి ఉండడం మామూలు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 250 కిలోల పైచిలుకు బరువు. చేతి మందం రబ్బరు హోస్ ఈ బలాన్ని రోజంతా, ఉప్పుగాలిలో, ఎండలో మోస్తుంది.

హోస్ పగిలితే బూమ్ కిందపడిపోదా? పడకూడదు. అందుకే సిలిండర్‌కే నేరుగా బిగించి లోడ్ హోల్డింగ్ వాల్వ్ అని ఒకటి పెడతారు. హోస్‌లో ఒత్తిడి పోగానే అది మూసుకుని, సిలిండర్‌లోని ఆయిల్‌ను బయటకు వదలకుండా బూమ్‌ను ఉన్నచోటే ఆపుతుంది. వించ్ బ్రేకు కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. స్ప్రింగ్ దాన్ని ఎప్పుడూ పట్టి ఉంచుతుంది, ఆయిల్ ఒత్తిడి వస్తేనే వదులుతుంది. ఒత్తిడి పోతే బరువు ఆగిపోవాలి. ఈ యంత్రాన్ని తయారుచేసినవాళ్ళ ఆలోచన ఇది. దాన్ని వాడేచోట చెడగొట్టే దారులు కూడా ఉన్నాయి. రిపేరు సులువవుతుందని ఆ వాల్వ్‌ను సిలిండర్ మీంచి తీసి, ఇంకాస్త దూరంలో, మధ్యలో ఒక హోస్ పెట్టి బిగించారనుకోండి. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. ఆ మధ్య హోస్ పగిలిన రోజు వాల్వ్ ఉన్నా లేనట్టే.

ఇక ఆయిల్ సంగతి. హైడ్రాలిక్ యంత్రాల్లో వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం మురికి ఆయిల్‌తోనే మొదలవుతుందని ఈ పని తెలిసిన ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. వాల్వుల లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు కంటికి 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు ఆనదు. కాబట్టి గ్లాసులో పోసి చూస్తే తేనెలా మెరిసే ఆయిల్‌లో కూడా వాల్వ్‌ను అరగదీసే ఇసుక, లోహపు పొడి ఉండొచ్చు. కిడ్నీ జబ్బు ముదిరేదాకా మనిషి పొలం పని చేసుకుంటూనే ఉంటాడని, రక్తం తీసి క్రియాటినిన్ చూస్తే తప్ప బయటపడదని ఉద్దానం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఈ ఆయిల్ కూడా అంతే, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపితే తప్ప నిజం చెప్పదు. నీళ్ళు కలిస్తే మాత్రం కంటికే తెలుస్తుంది, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. సముద్రం మీద రాత్రి పూట ట్యాంకు చల్లబడి, ట్యాంకు గాలి పీల్చుకునే రంధ్రమైన బ్రీదర్ గుండా తేమగాలి లోపలికి చేరి నీరవుతుంది. ఆ నీరు పంపును తినేస్తుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. బ్రీదర్ ఫిల్టర్ చిన్న వస్తువు, చౌక వస్తువు. దాన్ని మార్చడానికే చాలాచోట్ల మనసు రాదు.

కొత్త డ్రమ్ము తెరిచి నేరుగా ట్యాంకులో పోసేయడం మరో అలవాటు. డ్రమ్ములోంచి వచ్చిన కొత్త ఆయిల్ శుభ్రంగా ఉంటుందన్నది వట్టి నమ్మకం. ఫిల్టర్ గుండా పోయాలి, గరాటు మీద దుమ్ము ఉండకూడదు, డ్రమ్మును నిలబెట్టి ఎండావానలకు వదిలేస్తే మూత మీద నిలిచిన నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. ఇవన్నీ ఇంజనీరింగ్ డిగ్రీ కావాల్సిన విషయాలు కావు. నేర్పితే పదో తరగతి పాసైన కుర్రాడు చేయగల పనులు. ఇవి కూడా నేర్పడం లేదన్నదే నా బాధ.

మన తీరానికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పు. సిలిండర్ రాడ్డు మీద క్రోమ్ పూత ఉంటుంది. క్రేన్ రోజూ ఆడుతుంటే రాడ్డు ఆయిల్ తడితో ఉంటుంది. ఓడ వారాల తరబడి ఖాళీగా ఉంటే బయటికి పొడుచుకొచ్చిన భాగం ఉప్పుగాలికి ఎండుతుంది. క్రోమ్‌లో సూదిమొనంత గుంటలు పడతాయి. తర్వాత రాడ్డు లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా ఆ గుంటల అంచులు సీల్‌ను కోస్తాయి. లీకేజీ మొదలైందని సీల్ మారుస్తారు, నెల తిరగకుండా మళ్ళీ లీకు. తప్పు సీల్‌ది కాదు, రాడ్డుది. ఖాళీగా ఉన్న క్రేన్‌కు రాడ్లు లోపలికి ఉండేలా బూమ్ పెట్టడం, కుదరకపోతే బయట ఉన్న భాగానికి గ్రీజు పట్టించడం, కొన్నాళ్ళకోసారి క్రేన్‌ను ఖాళీగా ఆడించడం, ఈ మూడూ చేస్తే ఇంత ఖర్చు రాదు.

తుపాన్ల గురించి శ్రీకాకుళంలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊడ్చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. క్రేన్ బూమ్‌ను దాని స్టాండ్ మీద దించి కట్టేయడం, స్లూయింగ్‌కు, అంటే క్రేన్ పక్కలకు తిరగకుండా లాక్ వేయడం, హుక్కును ఊగకుండా బిగించడం హెచ్చరిక రాగానే జరగాలి, గాలి మొదలయ్యాక కాదు. తుపాను వెళ్ళాక ఇంకో తొందర ఉంటుంది: సరుకు దించాలి, పని మొదలుపెట్టాలి. ఆ తొందరలో క్రేన్ తిరిగే స్లూయింగ్ బేరింగ్ బోల్టులు ఎవరూ చూడరు. క్రేన్ మొత్తం నిలబడేది ఆ బోల్టుల వరస మీదే. ఒక్కటి తెగినా, పక్కవాటి మీద బరువు పడి అవి కూడా అలిసిపోవడం మొదలవుతుంది. బేరింగ్‌లోంచి బయటికొచ్చే పాత గ్రీజును వేళ్ళ మధ్య నలిపి చూస్తే లోహపు రజను తగులుతుందా లేదా అన్నది కూడా ఒక పరీక్షే.

వేళ్ళ మాట వచ్చింది కాబట్టి, మన కుర్రాళ్ళు ఓడ ఎక్కే ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. హోస్‌కు సూదిమొనంత చిల్లు పడి సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే, ఎక్కడినుంచో చూద్దామని చెయ్యి పెట్టి తడమడం అందరికీ సహజంగా వచ్చే పని. ఆ ఒత్తిడిలో ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న ఎర్రటి చుక్క, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండదు. కట్టు కట్టుకుని పని చేసేస్తారు. లోపల మాత్రం ఆయిల్ కండరాల మధ్య పాకుతూ కణజాలాన్ని చంపేస్తుంటుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. లీకు వెతకాలంటే అట్టముక్కో చెక్కముక్కో వాడాలి, అదీ దూరంగా నిలబడి. పైప్ విప్పే ముందు ఇంజన్ ఆపితే చాలదు, బూమ్ దించి లోపల మిగిలిన ఒత్తిడిని వదిలేయాలి. డాక్టరు దగ్గరికి వెళ్తే "సూది గుచ్చుకుంది" అని చెప్పకూడదు, "హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో లోపలికి పోయింది" అని చెప్పాలి. పోర్టుకు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో డ్యూటీ డాక్టర్లకు కూడా ఈ గాయం గురించి ముందే చెప్పి ఉంచాలి.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఆయిల్ కాదు, ఉప్పు కాదు, రిలీఫ్ వాల్వ్ మీద తిరిగే పానా. క్రేన్ తన శక్తికి మించి ఎత్తకుండా ఒత్తిడిని ఒక హద్దులో ఆపేది రిలీఫ్ వాల్వ్. బరువు లేవడం లేదు, ఓడ వెళ్ళిపోవాలి, ఆలస్యమైన ప్రతి గంటకూ డబ్బు. ఎవరో ఒకరు ఆ స్క్రూను పావు తిప్పు బిగిస్తారు. బరువు లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మళ్ళీ వెనక్కి తిప్పడం ఎవరికీ గుర్తుండదు. హుక్కు బూమ్ కొనకు తగలకుండా ఆపే లిమిట్ స్విచ్‌కు వైరు చుట్టి పని చేయకుండా చేయడమూ ఇదే జాతి. ఆ రోజు ఏమీ జరగదు. అసలు ప్రమాదం అదే. ఏమీ జరగలేదు కాబట్టి అది అలవాటవుతుంది, ఆ తర్వాత వచ్చిన ఆపరేటర్‌కు అదే మామూలు సెట్టింగ్ అవుతుంది.

బూమ్ దూరం చాచేకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుందని లోడ్ చార్ట్ చెబుతుంది. నిలకడగా ఉన్న జెట్టీ మీద లెక్క అది. అలల మీద ఊగే బోటులోంచి ఎత్తేటప్పుడు, బోటు కిందికి జారిన క్షణంలో తాడు మీద పడే బరువు సరుకు బరువు కంటే చాలా ఎక్కువ. సరుకును హుక్కుకు తగిలించే స్లింగు తాళ్ళదీ ఇలాంటి మాయే. స్లింగు రెండు కాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలకు తెరిస్తే ఒక్కో కాలు మీదా పూర్తి బరువు పడుతుంది. రెండు కాళ్ళు పంచుకుంటాయిలే అనుకున్న కలాసీ తప్పు లేదు, అతనికి ఆ బొమ్మ గీసి చూపించినవాళ్ళు లేరు.

2020 ఆగస్టు 1న విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ లోడ్ ట్రయల్ జరుగుతుండగా కూలి 11 మంది చనిపోయారు. కాంట్రాక్టు ఏజెన్సీల వాళ్ళూ అందులో ఉన్నారు. అది ఓడ మీది హైడ్రాలిక్ క్రేన్ కాదు. దాని కారణాలు వేరు. కానీ క్రేన్ భద్రంగా ఉందో లేదో తేల్చే పరీక్షే మనుషులను చంపగలదని మన పక్క ఊళ్ళోనే రుజువైంది. పరీక్ష జరిగే చోట అవసరం లేని ఒక్క మనిషి కూడా ఉండకూడదన్నది ఆ తర్వాతైనా ప్రతి యార్డులో గట్టి నియమం కావాలి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. డాక్ పనిలో భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో 152వ ఒప్పందం తెచ్చింది. మనకు 1986లో డాక్ వర్కర్ల భద్రతా చట్టం, 1990లో దాని నిబంధనలు వచ్చాయి. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో కలిపారు. అంతర్జాతీయంగా నడుస్తున్న పద్ధతి ప్రకారం ఏడాదికోసారి నిపుణుడు క్షుణ్ణంగా తనిఖీ చేయాలి, 5 ఏళ్ళకోసారి లోడ్ టెస్ట్ చేయాలి. 20 టన్నుల లోపు క్రేన్‌కైతే దాని పరిమితి కంటే 25 శాతం ఎక్కువ బరువుతో. 2026 జనవరి 1 నుంచి ఓడల మీది లిఫ్టింగ్ పరికరాలు సోలాస్ ఒప్పందం కిందకు కూడా వచ్చాయి. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న ఆ ఒప్పందంలో ఇన్నాళ్ళూ వీటికి ప్రత్యేక నియమం లేదు. పాత క్రేన్లు కూడా ఆ తేదీ తర్వాత వచ్చే మొదటి రెన్యూవల్ సర్వే (ఓడ సర్టిఫికెట్ పునరుద్ధరణ తనిఖీ) లోపు పరీక్షలు పూర్తిచేసి సర్టిఫికెట్ పొందాలి. మంచి మార్పు, ఆలస్యంగా వచ్చిన మార్పు.

అయితే సర్టిఫికెట్ చెప్పేది పరీక్ష జరిగిన రోజు సంగతి. ఆ మర్నాడు హోస్ మీద పడిన రాపిడి దానికి తెలియదు. ఏడాదిలో మిగిలిన 364 రోజులూ క్రేన్‌ను కాపాడేది పొద్దున్నే పని మొదలవక ముందు పది నిమిషాలు చుట్టూ తిరిగి చూసే మనిషి. ఆయిల్ లెవెల్, హోసుల మీద బుడిపెలు, రోప్‌లో తెగిన తీగలు, లిమిట్ స్విచ్ పని చేస్తోందా, ఖాళీ హుక్కుతో బ్రేకు ఆగుతోందా. ఆ మనిషికి చూసే చదువు ఉండాలి, చూసిందాన్ని తనకొచ్చిన భాషలో రాసే పుస్తకం ఉండాలి. ఇంగ్లిష్ చెక్‌లిస్టులో చదవకుండానే వరసగా టిక్కులు పెట్టించడం ఇప్పటి పద్ధతి. తెలుగులో చెక్‌లిస్టు ఇవ్వడానికి ఏ చట్టం అడ్డు?

అన్నిటికీ మించి, "ఈ క్రేన్‌తో ఇవాళ పని చేయను" అనగల ధైర్యం ఆ మనిషికి ఉండాలి. కాంట్రాక్టు కుర్రాడికి ఇది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఎత్తితే ప్రాణాలకు ముప్పు, ఎత్తనంటే రేపటి నుంచి పని లేదు. యాజమాన్యాల వాదన నాకు తెలియనిది కాదు. ఓడ ఆగితే నష్టం నిజమే, చీటికిమాటికి పని ఆపేస్తే పోర్టు నడవదన్నదీ నిజమే. కానీ సిగ్నల్ ఇచ్చేది సిగ్నల్‌మ్యాన్ ఒక్కడే అయినా, "ఆపు" అని ఎవరు చెయ్యెత్తినా క్రేన్ ఆగాల్సిందేనన్నది ఈ వృత్తిలో ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం. ఆ సూత్రం కూలి మనిషి విషయంలోనూ అమలు కావాలంటే అది కాంట్రాక్టు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి: భద్రత కారణంగా పని ఆపినవాడి ఆ రోజు కూలి కోయరాదు, అతన్ని తీసేయరాదు.

మూలపేట విషయంలో ఇది అడగడానికి ఇప్పుడే అదును. నిర్వాసితులకు, స్థానికులకు ఉద్యోగాల హామీ అడుగుతున్న నాయకులు ఆ హామీలో ఏ ఉద్యోగాలో కూడా అడగాలి. స్వీపింగ్, సెక్యూరిటీ, లోడింగ్ దగ్గరే మనవాళ్ళు ఆగిపోతే, మెయింటెనెన్స్ జీతాలు బయటివాళ్ళకే పోతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఐటీఐల్లో ఫిట్టర్, డీజిల్ మెకానిక్, వెల్డర్ ట్రేడులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి ఆరు నెలల హైడ్రాలిక్స్ కోర్సు తగిలించడం పెద్ద ఖర్చు కాదు. పాత క్రేన్ ఒకటి, పంపు, నాలుగు రకాల వాల్వులు, ఆయిల్ పరీక్షించే కిట్, కోసి లోపల కనిపించేలా పెట్టిన ఒక సిలిండర్ ఉంటే ల్యాబ్ అవుతుంది. నేర్పడానికి మనుషులూ ఉన్నారు. ఓడల్లో, షిప్‌యార్డుల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై కవిటి, సోంపేట, పూసపాటిరేగ వైపు సొంతూళ్ళకు తిరిగొచ్చిన ఫిట్టర్లను డిగ్రీ అడగకుండా ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకోవాలి. మొదటి ఓడ బెర్తుకు చేరేలోపు కనీసం ఒక్క బ్యాచ్ అయినా బయటికి రావాలంటే, అడ్మిషన్ల నోటిఫికేషన్ ఈ విద్యాసంవత్సరమే రావాలి.