దొంగలారా, తెలుగులో రాయండి!

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు గుంజే వైరస్) ఊడిపడి 150 దేశాల దాకా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనూ వదల్లేదు. ఫైళ్లన్నిటికీ తాళం పడింది, ఎర్రటి తెర మీద డబ్బు కట్టమని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని 28 భాషల్లో చదువుకోవచ్చు. లాత్వియన్ ఉంది, స్లోవక్ ఉంది, తెలుగు మాత్రం లేదు. ఆ మాటకొస్తే హిందీ కూడా లేదనుకోండి, అదొక్కటే ఊరట. పోయిన ఫైళ్ల కోసం ఏడ్చినవాళ్లే గానీ ఈ అన్యాయం మీద ఒక్కరైనా ధర్నాకు కూర్చున్నారా?

భాష సంగతి పక్కనపెడితే వాళ్ల మర్యాదకు వంక పెట్టలేం. 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టాలి, మూడు రోజులు దాటితే 600, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి. నా కరెంటు బిల్లు కూడా ఇంత స్పష్టంగా ఉండదు. మామిడిపండు ముక్క కోసి రుచి చూపించినట్టు కొన్ని ఫైళ్లు ఉచితంగా తెరిచి చూపిస్తారు, ఆరు నెలలైనా కట్టుకోలేని నిరుపేదలకు ఏదో ఉచిత పథకం కూడా ఉంటుందని రాశారు (తెల్లకార్డు జిరాక్స్ జతచేయాలో లేదో చెప్పలేదు). ఒక్కటే లోపం. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తేల్చుకునే ఏర్పాటు వాళ్ల దగ్గరే సరిగ్గా లేదు, అంటే కట్టినా హుండీలో వేసినట్టే.

ఇక మనవైపు. ఆ వైరస్ దూరిన విండోస్ కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ని, అంటే మరమ్మతు అప్‌డేట్‌ని, మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడికి 59 రోజుల ముందు! దొంగ మనకిచ్చింది మూడు రోజులు, మనం ఆ అప్‌డేట్‌ని వాయిదా వేసింది రెండు నెలలు. ఎవరూ ఏ మెయిలూ తెరవక్కర్లేదు, అప్‌డేట్ లేని సిస్టమ్ ఒక్కటి దొరికితే చాలు, నెట్‌వర్క్‌లో అలాంటివే ఇంకెన్ని ఉంటే అన్నిటికీ అదే పాకుతుంది.

మా ఆఫీసులో ఆ భయం లేదు. దసరాకి ప్రతి సీపీయూకీ బొట్టు పెట్టి నిమ్మకాయ కోస్తాం. బ్యాకప్ కూడా ఉంది, సూపరింటెండెంట్ గారి సిస్టమ్‌కి ఏడాదంతా గుచ్చే ఉండే హార్డ్ డిస్క్. అలా ఉంటే వైరస్ దానికీ తాళం వేస్తుందని, పనైపోగానే పీకి బీరువాలో పెట్టమని ఐటీ కుర్రాడు మొత్తుకున్నాడు.

"పెడదాం బాబూ, ఆ బీరువా తాళంచెవి పోయి మూడేళ్లయింది" అన్నారాయన.

కొత్త చెవికి ఇండెంట్ టైపు చేశాం. ఆ ఫైలు ఆయన సిస్టమ్‌లోనే ఉంది. బ్యాకప్ కూడా తీశాం లెండి.