మూత కింద ఏముంది?

బోడుప్పల్‌లో మా పిన్ని వాళ్లింటి వెనక వరండా. గ్యాస్ పొయ్యి మీద పెద్ద స్టీలు డేగిసా, దాని మూత చుట్టూ గోధుమపిండి. తెనాలిలో పెళ్లి చూసుకుని పిన్ని అప్పుడే ఆటో దిగింది. నేను మెట్ల మీద ఇడ్లీ తింటున్నాను. మర్యాదకి లేచి వెళ్లిపోవాల్సిందే గానీ, వెళ్తే ఇదంతా మీకెవరు చెప్తారు?

పిన్ని: ఏమండీ! మూతకి పిండి పెట్టారా!

బాబాయ్: చూశావా? ఎక్కడా ఇంత ఆవిరి పోవట్లేదు.

పిన్ని: పెళ్లైన దగ్గర్నుంచీ అడుగుతున్నాను. ఒక్కసారైనా దమ్ బిర్యానీ చేసిపెట్టండీ అని. మనిషి ఊళ్లో లేకపోతే గానీ మీకు ప్రేమ పుట్టదు కదా.

(ఈ ముక్క బాబాయ్ చెవిన పడలేదు. వంగి మంట చూసుకుంటున్నాడు. పిన్ని లోపలికెళ్లి తమ్ముడికి ఫోన్ చేసి, కుటుంబంతో సహా భోజనానికి రమ్మని చెప్పి వచ్చింది.)

పిన్ని: ఎన్ని కిలోలు పెట్టారు?

బాబాయ్: 3.

పిన్ని: సరిపోతుందిలే. ఎక్కడ కొన్నారు?

బాబాయ్: కొనడం దేనికి? మన పెరట్లోదే. కొడవలి తీసుకుని నేనే కోశాను.

పిన్ని: మీరా?

బాబాయ్: ఏం, నాకు చేతకాదా? కింద నుంచి ఒక్క పట్టు పట్టి కోస్తే వచ్చేసింది. తర్వాత చిన్న చిన్న ముక్కలు చేశాను.

(పిన్ని చేతిలో పెళ్లి వారిచ్చిన లడ్డూల సంచి కిందకి జారింది.)

పిన్ని: ఏమండీ, వీధి మొదట్లో పక్కింటావిడ కనిపించింది. నిన్నటి నుంచి వాళ్ల మేక కనపడటం లేదట. పాపం, కళ్లు వాచిపోయేలా ఏడుస్తోంది.

బాబాయ్: ఆ మేకా? రోజూ మన పెరట్లోకే వచ్చేది.

పిన్ని: వచ్చేదా? ఇక రాదా?

బాబాయ్: ఇప్పుడింకేముంది అక్కడ, రావడానికి!

పిన్ని: రామ రామ! వాళ్లకి చెప్పారా?

బాబాయ్: వాళ్లకెందుకు చెప్పాలి? మన పెరట్లో ఉన్నది మనది. దాని పేరేంటో తెలుసా నీకు? కృష్ణ.

పిన్ని: పేరు తెలిసి కూడా కోశారా!

బాబాయ్: పేరున్నదైతేనే కదా నూనె బాగా వచ్చేది. కోసిన వెంటనే పెట్టకూడదు, ఒక రోజు ఆరాలి. అందుకే నిన్న మేడ మీద రేకుల కింద ఆరేశాను, నీ పట్టుచీర పక్కన.

పిన్ని: నా గద్వాల చీర పక్కనా! ఎవరూ చూడలేదు కదా?

బాబాయ్: ఎదురింటాయన చూశాడు. వాసన ఇక్కడిదాకా వస్తోందండీ అని మెచ్చుకున్నాడు.

పిన్ని: అయిపోయింది. వీధి వీధంతా తెలిసిపోయింది. తమ్ముణ్ణి కూడా పిలిచేశాను. దొంగ మేక తినిపించానని రేపు మా మరదలు దెప్పుతుంది. ముందు ఈ వాసన ఆపాలి. ఆ గొట్టమేంటి మూతకి? అందులోంచేగా బయటికొస్తోంది? దమ్‌కి గొట్టం పెట్టేవాళ్లని మిమ్మల్నే చూశాను.

(గిన్నెలో మిగిలిన పిండి ముద్ద తీసుకుని బకెట్ వైపు నడిచింది. గొట్టం కొసకి బిరడా పెట్టేద్దామని.)

బాబాయ్: ఏయ్! గొట్టం మూయకు! పేలుతుంది!

పిన్ని: మేక పేలడమేంటండీ?

బాబాయ్: మేకేంటి?

పిన్ని: లోపలున్నది!

బాబాయ్: లోపలున్నది నిమ్మగడ్డి! సుగంధ మొక్కల పరిశోధన సంస్థ ఉంది కదా, సీమ్యాప్, వాళ్ల కృష్ణ రకం. పిలకలు తెచ్చి నాటినప్పుడు నువ్వే కదా నీళ్లు పోశావు! అడుగున నీళ్లు, పైన చిల్లుల పళ్లెం, దాని మీద గడ్డి. ఆవిరి గడ్డిలోంచి లేచేటప్పుడు నూనెని వెంట తీసుకుని ఈ రాగి గొట్టంలోకి వెళ్తుంది. ఐసు నీళ్ల బకెట్లో చల్లబడి సీసాలోకి చుక్కలుగా పడుతుంది. ఆ ఒక్క దారీ నువ్వు మూసేస్తే ఆవిరి ఎటు పోతుంది, మన మొహాల మీదకి కాకపోతే?

పిన్ని: అయితే మూత తీసి చూపించండి.

బాబాయ్: ఇప్పుడు తీస్తే చేతులు కాలిపోతాయి.

పిన్ని: మేక లేనప్పుడు మూత తీయడానికి భయమెందుకు?

బాబాయ్: నేను భయపడేది ఆవిరికే, మేకకి కాదు!

పిన్ని: పోనీ వాసన చూపించండి. నిమ్మకాయ వాసనొస్తోంది. నిజమే. మటన్‌కి నిమ్మకాయ పట్టించరూ?

బాబాయ్: ఒరేయ్, నువ్వైనా చెప్పరా!

నేను: నేనిప్పుడే వచ్చాను బాబాయ్.

పిన్ని: వాణ్ణి లాగకండి. వాడికేం తెలుసు, కొమ్ములు పెట్టినా ఇడ్లీ అనుకుని తినేస్తాడు.

(సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి "మ్యా" అని వినపడింది. కాసేపటికి మేక సందులోంచి లోపలికొచ్చి, మిగిలిన గడ్డి మొదళ్లు వాసన చూసి, ముక్కు చిట్లించి పిన్ని లడ్డూల సంచి దగ్గరికి వెళ్లింది.)

బాబాయ్: ఇదిగో నీ బిర్యానీ! నడుచుకుంటూ వచ్చింది.

పిన్ని: హమ్మయ్య! అయినా తప్పు మీదే. కృష్ణ అంటారు, కోశానంటారు, ఆరేశానంటారు. గడ్డి అన్న మాట నోట్లోంచి రావడానికి ఏం ఖర్చయింది?

బాబాయ్: నువ్వు అడిగితే కదా!

పిన్ని: డేగిసాలో ఉన్నది గడ్డా అని ఏ ఇంట్లో ఆడది అడుగుతుందండీ? సరే గానీ, ఈ పిండి ఎందుకు? కిందటిసారి కుక్కర్ రబ్బరు పెట్టారుగా?

బాబాయ్: ఆ రబ్బరు ఈ నూనెకి ఆగదు. మెత్తబడి ఉబ్బిపోయింది.

పిన్ని: తెలుసు. దాన్నే మళ్లీ కుక్కర్‌కి పెట్టారు, ముద్దపప్పు తింటే సబ్బు నాకినట్టుంది.

బాబాయ్: అందుకే పిండి. కన్నౌజ్‌లో అత్తరువాళ్లు రాగి డేగు మూతకి మట్టిలో దూది కలిపి మెత్తుతారు. పోర్చుగల్‌లో గోధుమలాంటి రై ధాన్యం పిండి పూస్తారు.

పిన్ని: వాళ్ల ఆవిడలు ఊరెళ్లేటప్పుడు గోధుమపిండికి తాళం వేసి వెళ్లుంటారు. డబ్బా అంతా వాడేశారా?

బాబాయ్: సగమే. పిండిలో గొప్పతనం ఏంటంటే, అది గట్టిగా పట్టుకోదు. ఎప్పుడైనా గొట్టంలో గడ్డి అడ్డుపడి లోపల ఒత్తిడి పెరిగిందనుకో, ముందు పిండి పగిలి ఆవిరి వదిలేస్తుంది. అందుకే మూత మీద రాయి పెట్టలేదు, క్లిప్పులు బిగించలేదు. గడ్డి కూడా అంచుదాకా కూరలేదు.

పిన్ని: కుక్కర్‌కున్న సేఫ్టీ వాల్వ్ లాగా.

బాబాయ్: అదే! ఎంత తెలివే నీకు!

పిన్ని: ఇన్నేళ్లకి గమనించారు. మరి ఆ పక్క సుయ్యిమంటోందేంటి?

(నిజంగానే మూత ఒక పక్క పిండి నెర్రెలిచ్చి సన్నగా ఆవిరి తన్నుతోంది. బాబాయ్ పిండి ముద్ద పట్టుకుని ముందుకి ఉరికాడు.)

పిన్ని: ఆగండి! ముందు మంట తగ్గించండి. చేతులు కాల్చుకోవడానికి ఎంత తొందర! ఇంత గట్టిగా ఎవరైనా కలుపుతారా? ఎండి పగలక ఏం చేస్తుంది? ఇంకాస్త నీళ్లు పోసి మెత్తగా పిసికి, తాడులా చేసి... ఇలా, చెంచా వెనకతో నొక్కండి. మొహం పక్కకి పెట్టండి, కళ్లజోడు ఉంది కదాని వంగిపోకండి.

బాబాయ్: పెళ్లి నుంచి అలిసిపోయి వచ్చావు, నువ్వు కూర్చో.

పిన్ని: కూర్చుంటే మీరుంటారా? ఆ సీసా పొయ్యికి ఇంత దగ్గరగానా? నూనె ఆవిరి అంటుకోదూ? జరపండి. గొట్టం కొస సీసాలో నీళ్లకి తగులుతోంది, కాస్త పైకి లేపండి.

బాబాయ్: అవునవును. పొయ్యి ఆర్పాక ఆ నీళ్లని వెనక్కి డేగిసాలోకి లాక్కుంటుంది. నీకెలా తెలుసు?

పిన్ని: నాటిన రోజు నుంచీ నిద్రలో కూడా అదే కదా కలవరిస్తున్నారు.

బాబాయ్: అన్నీ వింటావన్నమాట!

పిన్ని: ఒక్కటే మంచం, ఏం చేయను?

(రెండు గంటలకి పైగా నీళ్లు కారాయి. పైన తేలిన పసుపు తెట్టెని బాబాయ్ సిరంజితో లాగి, లెక్క చూసి, 9 మిల్లీలీటర్లని ప్రకటించాడు. పిన్ని చీర కొంగుకి ఒక్క చుక్క రాయించుకుని, బాగోలేదని చెప్పి, మళ్లీ మళ్లీ కొంగు వాసన చూసుకుంది. ఈలోగా గేటు చప్పుడు. పిన్ని తమ్ముడూ, భార్యా, ఇద్దరు పిల్లలూ. అప్పటికప్పుడు బాబాయ్ ఫోన్లో బిర్యానీ చెప్పాడు.)

తమ్ముడు: అక్కా, బావ స్వయంగా దమ్ పెట్టారన్నావు. ఈ డబ్బాకి రబ్బరు బ్యాండు ఉందేంటి?

పిన్ని: నోరు మూసుకుని తినరా. పొద్దుట్నుంచీ మీ బావ పొయ్యి దగ్గరే నిలబడ్డారు.

బాబాయ్: అసలు నూనె ఎంత దిగిందంటే...

పిన్ని: మీరు కూడా.