నాణ్యతే మా ఊపిరి

మిర్చి యార్డు నుంచి టిక్కీ బస్తాలు దిగే ఏ గుంటూరు కారం మిల్లుకైనా వెళ్లండి, గేటు దాటగానే ‘నాణ్యతే మా ఊపిరి’ అని గోడ పలకరిస్తుంది. లోపల తేజ రకం మిర్చి ఆడుతుంటే ఊపిరి తీసుకోవడం కాస్త కష్టం. అది వేరే సంగతి.

ఈ మధ్య యజమానులకో బెంగ పట్టుకుంది. పనివాళ్లకు సంస్థ సంస్కృతి వంటబట్టడం లేదట. ఈ అభాండాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. వంటబట్టబట్టే ఇన్ని తిప్పలు.

తొడిమలు తీసే ఆడవాళ్లను చూడండి. కూలి కిలోల లెక్కన. గోడ మాట వింటే ఒక్కో కాయనూ తిప్పి చూడాలి, కాటా మాట వింటే చేతులు పరుగెత్తాలి. ఇంట్లో బియ్యం తెచ్చేది కాటాయే కనుక దాని మాటే వింటారు. నాలుగు తొడిమలు, రెండు రంగు పోయిన తాలు కాయలు సంచిలో కలిసిపోతే సూపర్‌వైజర్ గారు వచ్చి, “కళ్లెక్కడ పెట్టుకున్నారమ్మా?” అని అరుస్తారు. ఆయనది నెల జీతం, తీరిగ్గా అరవొచ్చు.

ఎండుమిర్చిలో తేమ 11 శాతం దాటకూడదు. దాటితే బూజు పడుతుంది, బూజుతో అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది. యూరప్ వాళ్లు అందులో బి1 రకాన్ని కిలోకు 5 మైక్రోగ్రాములు మించనివ్వరు. ఇదంతా శిక్షణ తరగతిలో చెప్పారు. సాయంత్రం బరువు కోసం కాయ మీద నీళ్లు చల్లమని మాత్రం తరగతిలో చెప్పలేదు, యజమాని గారే స్వయంగా చెప్పారు. కుర్రాడు మారుమాట్లాడకుండా చల్లాడు. ఇంతకు మించిన క్రమశిక్షణ ఏ దేశంలో ఉంది?

2005లో బ్రిటన్‌లో కారంలో తిండిలో కలపకూడని సుడాన్ అనే రంగు బయటపడి వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మన దగ్గరా ఎగుమతి కారానికి సుడాన్ పరీక్ష తప్పనిసరి. పరీక్షకు ఒక సంచి, లారీకి వేరే సంచులు అనే ఉపాయం కూలీల బుర్రలో పుట్టిందంటే నేను నమ్మను.

ఆడిట్ రోజున అందరి తలలకూ టోపీలే. బోడి తలతో తిరిగేది యజమాని గారొక్కరే. పాపం, ఆయనకు రాలడానికేమీ మిగల్లేదు లెండి.

చివరికి యాజమాన్యం లోతుగా ఆలోచించి, సంస్కృతి పెంచడానికి ఇంకో బోర్డు రాయించింది. పెయింటర్‌కు అక్షరానికింత అని బేరం కుదిరింది. బోర్డు గేటు దగ్గర మొదలై గోదాము మలుపు తిరిగి బాత్రూముల దాకా వెళ్లింది.