జాతీయ బోర్డు

‘అచ్చమైన నేతి మిఠాయి’ అని బోర్డు కనిపిస్తే చాలు, నాకు ముందు డాల్డా వాసన కొడుతుంది. 1931లో బ్రిటన్‌లో వేర్వేరు పార్టీలవాళ్లు కలిసి పెట్టిన ‘జాతీయ ప్రభుత్వం’ పేరు విన్నా అంతే.

ఆ ఆగస్టులో నిరుద్యోగ భృతి కోయాలా వద్దా అన్న దగ్గర లేబర్ మంత్రివర్గం 11–9గా చీలింది. రాజీనామా ఇవ్వడానికి రాజుగారి దగ్గరికి వెళ్లిన ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్, ప్రధానిగానే తిరిగొచ్చారు. పదిమంది కొత్త కేబినెట్: లేబర్ నలుగురు, కన్సర్వేటివ్‌లు నలుగురు, లిబరల్స్ ఇద్దరు. ఎంత చక్కటి తూకం! ప్రధానిని సొంత పార్టీయే సెప్టెంబరులో బయటికి గెంటిందంటే అది వేరే సంగతి. అక్టోబరు ఎన్నికల్లో ప్రభుత్వ పక్షానికి 554 సీట్లొచ్చాయి. అందులో ప్రధాని వెంట ఉన్నవాళ్లు 13 మంది. పీటల మీద కూర్చున్నది ఆయన. పందిరి, వంటవాళ్లు, చుట్టాలు అంతా కన్సర్వేటివ్ నాయకుడు బాల్డ్విన్ తాలూకు.

రెండేళ్ల కిందటే మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ మొదటి మహిళా కేబినెట్ మంత్రి అయ్యారు. ఈ ‘జాతీయ’ కేబినెట్లో ఒక్క ఆడమనిషీ లేదు. వాళ్లు జాతిలోకి రారు కాబోలు.

అసలు ముచ్చట 1932 జనవరిది. దిగుమతి సుంకాల దగ్గర కేబినెట్ రెండు ముక్కలైంది. మామూలు మనుషులైతే కొందరు దిగిపోతారు. వీళ్లు ‘విభేదించడానికి అంగీకారం’ అని ఒక ఒప్పందం చేసుకున్నారు. అంటే, మంత్రిగా ఉంటూనే ప్రభుత్వాన్ని తిట్టొచ్చు. ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి నెవిల్ ఛాంబర్లేన్ లేచి, పది శాతం సుంకం దేశానికి మంచిదన్నారు. అదే ప్రభుత్వంలో హోం మంత్రి, లిబరల్ నాయకుడు హెర్బర్ట్ శామ్యూల్ లేచి, కాదు చెడ్డదన్నారు. ఇద్దరూ ఒకే వైపు బెంచీల్లో కూర్చున్నారు. భార్యాభర్తలు వీధి అరుగు మీద జుట్టూ జుట్టూ పట్టుకుని, దీపాలు పెట్టే వేళకి లోపలికెళ్లి ఒకే గిన్నెలో పులుసు పోసుకున్నట్టుంది. ఆ కాపురం సెప్టెంబరు దాకా సాగింది. శామ్యూల్ వర్గం వెళ్లిపోయింది, జాతీయ బోర్డు మాత్రం దిగలేదు.

సరే, నవ్వుకున్నాం. మరి ఆ భృతి సంగతి? పనిలేని మగవాడికి వారానికి 17 షిల్లింగులు వచ్చేది 15 షిల్లింగుల 3 పెన్నీలు చేశారు. పైగా ఇంటికొచ్చి లెక్కలు తీశారు. కొడుకు ఎంత తెస్తున్నాడు? కూతురికి జీతమెంత? అమ్ముకోదగ్గ సామాను ఏమైనా ఉందా? పిల్ల తెచ్చిన కూలి చూసి తండ్రి భృతి కోసేవాళ్లు. సిగ్గు లేదూ! మంత్రికి మాత్రం మనస్సాక్షి బాధపడకుండా ప్రత్యేక ఒప్పందమా? ఆ ఒప్పందం కూడా సుంకాలకే, వాడి కూటికి కాదు.

1935 జూన్‌లో మెక్‌డొనాల్డ్, బాల్డ్విన్ కుర్చీలు మార్చుకున్నారు: బాల్డ్విన్ ప్రధాని, మెక్‌డొనాల్డ్ ఆయన కింద మంత్రి. నవంబరు ఎన్నికల్లో డరమ్ బొగ్గు గనుల సీటు సీహమ్ మెక్‌డొనాల్డ్‌ని చిత్తుగా ఓడించింది. రెండు నెలలకే పట్టభద్రులు మాత్రమే ఓటేసే స్కాటిష్ యూనివర్సిటీల సీటు నుంచి ఆయన మళ్లీ సభకొచ్చారు. కేబినెట్లో కుర్చీ అలాగే ఉంది, ఎవరూ తీయలేదు.