అరగంటలో అయిపోయే సీటు పని

వాన వెలిసి రెండు రోజులైంది. బండి సీటు మీద చెయ్యేస్తే చురుక్కుమంటోంది. అయినా దిగేసరికి ప్యాంటు వెనకాల ఇంత తడి మచ్చ! "సీటు తడిసిందండీ" అంటే నమ్మేవాళ్లుండరు. సాయంత్రం దాకా సంచి వెనక్కి పట్టుకుని గోడవారగా నడవాల్సిందే. తెగిన కుట్టులోంచి దిగిన నీళ్లు ఫోములో కాపురం పెట్టి, బరువు పడగానే వచ్చిన దారినే పైకొస్తాయి.

ఆదివారం పొద్దున్నే "అరగంట పని" అంటూ మొదలవుతుంది మరమ్మతు. పాత కవరు మీదే కొత్తది తొడిగితే నిజంగా అరగంటే, నీళ్లు మాత్రం లోపలే. కాబట్టి కవరుని సీటు అడుగుకి పట్టి ఉంచే స్టేపుల్ పిన్నులన్నీ స్క్రూడ్రైవరుతో లేపి ప్లయరుతో పీకాలి. ఒకటి తప్పకుండా నేలమీద మిగిలిపోతుంది. ఎవరి కాలికి దొరుకుతుందో చెప్పక్కర్లేదు. ఫోమును మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. టవళ్ల మధ్య అదిమి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. అరగంట పని కాస్తా మంగళవారానికి చేరుతుంది.

పాత కవరు కుట్లు విప్పితే ఆ ముక్కలే కొలత. కుట్టుకి 1 సెంటీమీటరు, కింద మడిచి పిన్నులు కొట్టడానికి 4, 5 సెంటీమీటర్లు వదలాలి. దారం పాలిస్టరుదే, నూలుది తడికి కుళ్లుతుంది. గట్టిదనం కోసమని కుట్లు మరీ దగ్గరగా వేస్తే రెగ్జిన్ తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. 4 మిల్లీమీటర్ల కుట్టు చాలు. ఫోము మీద పలచటి పాలిథీన్ పరిచాకే కవరు తొడగాలి.

అసలు తమాషా లాగడంలో ఉంది. ఒక పక్క నుంచి వరసగా పిన్నులు కొట్టుకుంటూ పోయారా, ముడతంతా తోసుకుపోయి చివరి మూలలో కుప్పపడుతుంది. ముందు ముక్కు, తర్వాత తోక, ఆపైన ఎదురెదురు పక్కల మధ్యభాగాలు, ఆఖరికి మూలలు. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేస్తే రెగ్జిన్ మాట వింటుంది, మరీ దగ్గర పెడితే కరుగుతుంది. ప్లాస్టిక్ అడుగుకి సాధారణంగా 6 మిల్లీమీటర్ల పిన్నులు సరిపోతాయి, అవీ స్టెయిన్‌లెస్‌వి. పొడుగువి అంచు దాటి పొడుచుకొచ్చి, కొత్త కవరుని లోపల్నుంచే చింపుతాయి.

అంతా అయ్యాక, ఇరుగుపొరుగు చూస్తుండగా బిగిస్తే సీటు లాకు పడదు. పిడికిలితో గుద్దుతారు. ఎక్కి కూర్చుంటారు. కొక్కెం మీదికే రెగ్జిన్ మడిచి పిన్ను కొట్టేశారని అప్పుడు తెలుస్తుంది. అది కోసేస్తే లాకు పడుతుంది గానీ సీటు టకటకమంటుంది. అడుగున ఉండాల్సిన రబ్బరు బుష్‌లు లేవు మరి! అవి లేకుండా నడిపితే ఫ్రేముకి తగిలి ప్లాస్టిక్ పగులుతుంది. చెత్తతోపాటు ఊడ్చేశారేమోనని బుట్ట బోర్లిస్తారు. పాత పిన్నులన్నీ మళ్లీ నేలమీదికి.